ఇనుప గరిటె చెప్పిన ముప్పై పేర్లు

ధూమదుర్గం పడమటి బురుజు వెనక్కి పొద్దు జారేలోగా అంకన్న చేయాల్సిన పనులు ఇవి. ద్వారం దగ్గర కాపలా రోకళ్ల కింద పడకుండా లోపలికి పోవాలి. మాంత్రికుడి ఎదుట కుంటుతూ నడవాలి, కుంటుతున్నది ఏ కాలో మరిచిపోకూడదు. వంటశాలలో ఉన్న ముప్పై ఒక్క ఇత్తడి పాత్రలకు లోపల తగరం పూసి కళాయి వేయాలి. ఆ ముప్పై ఒక్కటిలో తన అక్క ఏదో కనుక్కోవాలి. కనుక్కున్నాక బయటికి తెచ్చుకోవాలి; అది ఎలాగో ఇంకా తెలియదు. అన్నిటికన్నా పెద్ద పని, కడుపు కాలిపోతున్నా సరే, ఆ కోటలో ఒక్క మెతుకు కూడా నోట పెట్టకూడదు.

ఆ ఆఖరి పని అక్క చేయలేకపోయింది.

తామ్రపురి రాజుకీ ధూమదుర్గం మాంత్రికుడు జఠరకేతుడికీ మధ్య పాత ఒప్పందం ఒకటుంది. ఏడాదికొకసారి రాజు ఒక కళాయి పనివాణ్ణి పంపాలి. పంపితే మాంత్రికుడు రాజ్యం జోలికి రాడు. పద్దెనిమిదేళ్లు ఆ పని అంకన్న తండ్రి దానయ్యే చేశాడు. లోపల ఏం చూశావు నాన్నా అని పిల్లలు అడిగితే, "ఏమోరా, పని అయింది" అనేవాడు తప్ప ఒక్క ముక్క గుర్తుండేది కాదు. పోయినేడు సరిగ్గా ఇదే రోజున, తిత్తి ఊదే ఓపిక లేక, కూతురు పైడక్కను వెంటబెట్టుకుని వెళ్లాడు. వచ్చేటప్పుడు ఒక్కడే వచ్చాడు. పిల్ల ఏదయ్యా అంటే దిక్కులు చూశాడు. ఆర్నెల్లు మంచంలో ఒకటే మాట: "కొలిమి ఆరకముందు తినకూడదమ్మా. తినకూడదని చెప్పానుగా." ఆ మాట మీదే కన్నుమూశాడు.

కొలిమి ఆరేదాకా కళాయివాడు అన్నం ముట్టడు. చేతికి తగరమూ, దాన్ని అతికించే నవాసాగరపు ఉప్పూ అంటుకుని ఉంటాయి గనక పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. మామూలు ఇళ్లలో దాన్ని తప్పితే కడుపునొప్పి వస్తుంది. ధూమదుర్గంలో తప్పితే మనిషే పాత్ర అవుతాడని తండ్రి మాటల్ని బట్టి అంకన్న ఊహించుకున్నాడు; పోయినేడు ముప్పై పాత్రలకే తగరం అడిగిన మాంత్రికుడు ఈ ఏడు ముప్పై ఒక్కటికి అడిగాడు. అక్కాతమ్ముళ్లది ఒకటే పోలిక గనక ముఖానికి మసి పూసుకున్నాడు, ఎడమకాలు ఈడ్చడం నేర్చుకున్నాడు, పేరు మార్చుకున్నాడు, తండ్రి పనిసంచి భుజాన వేసుకుని బయల్దేరాడు.

కోట ద్వారానికి రెండు వైపులా మనిషెత్తు రోకళ్లు రెండు నిలబడి ఉన్నాయి. వాటి మూతులకు ఇనుప పొన్నులు, పొన్నుల మీద ఎండిన నెత్తురు.

"ఎవడు?" అంది కుడి రోకలి.

"కుంటి మల్లణ్ణి. కళాయికి వచ్చాను."

"పోయినేటి ముసలాడేడీ?"

"పోయాడట."

"కుంటోణ్ణి పంపాడేంటి మీ రాజు?" అని ఎడమ రోకలి నవ్వింది.

"పనికి చేతులు చాలు గదా అన్నా."

"చాలుతాయో లేదో చూస్తాంలే. పొద్దు వాలేసరికి పని ముగించి బయటపడకపోయావో, దొర ఆజ్ఞ, అటుకులు దంచినట్టు దంచుతాం. పో."

ఎడమకాలు ఈడుస్తూ అంకన్న లోపలి వంటశాలలోకి నడిచాడు. ఆ శాల పైకప్పు ఎక్కడుందో కంటికి ఆనదు. మూడు వందల ఏళ్ల పొగ అక్కడ మేఘంలా గడ్డకట్టి, అప్పుడప్పుడూ నల్లని చినుకులుగా కారుతోంది. మధ్యలో ఏడు నోళ్ల పొయ్యి. ఏడు నోళ్లలోనూ మంట నాలుకలు చాస్తోంది గానీ వెలుగు లేదు, వేడి ఒక్కటే. ఒక మూల తిరగలి తనంతట తానే తిరుగుతూ మూలుగుతోంది. కవ్వం ఖాళీ కుండలో తల విదిలించుకుంటోంది. జల్లెడలు గోడల వెంట పాకుతున్నాయి. నేల మీద నల్లని కత్తిపీట ఒకటి, వంకీ తిరిగిన నాలుక పైకెత్తి, తేలులా అటూ ఇటూ జరుగుతోంది. అక్కడ పెత్తనం దానిదే. వీటన్నిటి నడుమ, కదలకుండా, పలకకుండా, వరసలు తీరి కూర్చున్న ఇత్తడి పాత్రలు. గుండిగలు, గంగాళాలు, కూజాలు, మరచెంబులు. వాటిని చూస్తే శవం లేచిన ఇంట్లో చుట్టాలు కూర్చున్నట్టుంది.

"నీకోసమే చూస్తున్నాను నాయనా" అన్న గొంతు చెవి పక్కనే వినబడింది.

జఠరకేతుడు లావుపాటి మనిషి కాడు. ఎంత తిన్నా ఎముకకు పట్టని మనిషి. మాట మాత్రం మీగడలా ఉంది. "దూరం నుంచి వచ్చావు. ముందు నాలుగు ముద్దలు తిను. పని ఎక్కడికి పోతుంది?"

వెండి పళ్లెం ఒకటి తనే జరుగుతూ వచ్చి అంకన్న ముందు ఆగింది. వేడి అన్నం, మీద నెయ్యి, పక్కన వంకాయ. రెండు రోజులుగా నడుస్తున్న అంకన్నకు నోట్లో నీళ్లూరాయి.

"తప్పు దొరా. కొలిమి ఆరేదాకా మేం ముట్టం."

"అవునవును, మీ వాళ్ల ఆచారం" అని మాంత్రికుడు నవ్వాడు. "అయితే కొలిమి ఆరాక తిందువుగాని. నా గడపలోంచి ఎవరూ పస్తు పోరు."

ఆ మాటతో ఆయన వెళ్లిపోయాడు. పళ్లెం మాత్రం వెళ్లలేదు, అక్కడే ఆవిర్లు కక్కుతూ కూర్చుంది.

అంకన్న గుంట తవ్వి కొలిమి పెట్టాడు, తిత్తి బిగించాడు, మొదటి గుండిగను దించాడు. కళాయి వేసే ముందు పాత్ర కడుపు తోమాలి. ఇసుకా చింతపండూ వేసి, గోడ పట్టుకుని, రెండు పాదాలతో గుండిగలో నిలబడి ఇటూ అటూ తిరగడం మొదలుపెట్టాడు.

"మెల్లగా తిరగరా అబ్బాయ్" అంది ఒక గొంతు. "అది ఒకప్పుడు సేనాపతి. ఇప్పటికీ ఒంటి మీద చెయ్యేస్తే రోషం."

అంకన్న పాదాలు ఆగిపోయాయి.

"ఆగకు. తిరుగుతూనే విను. తిరగలి మూలుగుతున్నంతసేపే నేను మాట్లాడగలను. అది ఆగిందంటే కత్తిపీటకు వినబడుతుంది. పైకి చూడు, కొంకికి వేలాడుతున్నాను. ఇంత గరిటె కనబడలేదా, గరిటెతో మాట్లాడటం నామోషీనా?"

పొయ్యి పైన మూరెడు ఇనుప గరిటె ఒకటి వేలాడుతోంది.

"నువ్వు మాట్లాడుతున్నావు. మరి ఇవి మాట్లాడవేం?" అన్నాడు అంకన్న పెదవులు కదపకుండా.

"పనివాడివి నువ్వే చెప్పు. ఇనుముకు కళాయి వేస్తారా?"

"వేయం."

"అదీ సంగతి."

అంకన్నకు కాళ్ల కింద ఇసుక చల్లబడ్డట్టయింది. వంగి గుండిగ అంచు చూశాడు. అంచు కింద మూడు చుక్కలు, ముక్కోణంగా. ఆ గుర్తు అతనికి తెలుసు. కూజా తిప్పి చూశాడు, మూడు చుక్కలు. మరచెంబు, మూడు చుక్కలు.

"మా నాన్న" అన్నాడు.

"తెలుసు. గుమ్మంలోనే పోల్చాను, ఆ ముక్కు ఆయనదే. నీ కాలు కుంటిది కాదనీ పోల్చాను." గరిటె గొంతు తగ్గింది. "ఆయన్నేం అనుకోకురా. ఆయనకు తెలియదు. ఇంకెవడైనా అయితే నాసి కళాయి వేసేవాడు, అది మూణ్ణెల్లకు ఊడేది, వీళ్లు నోరు తెరిచేవాళ్లు. మీ నాన్న నిజాయితీగా వేశాడు. అందుకే ఏడాదంతా నిలిచేది."

గరిటె తొందర తొందరగా చెప్పింది. ఇక్కడ తిన్న ప్రతి మనిషీ పాత్ర అవుతాడు. ఆ పాత్రలో వండింది తిని మాంత్రికుడు వాళ్ల ఆయుస్సు తాగుతాడు. కడుపులో కళాయి ఉన్నంతకాలం వాళ్లకు గొంతు లేదు. అలా గొంతు లేకుండా ఏడాది నిండితే తమ పేరు తామే మరిచిపోతారు. పేరు మరిచినవాణ్ణి ఎవరు పిలిచినా పలకలేడు. కళాయి గీకి, కోట గడప దాటించి, పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే, విని పలికితే, మళ్లీ మనిషి.

"నేను మాత్రం అందరి గిన్నెల్లోనూ మునుగుతాను కదా, గొంతు లేకపోయినా అడుగు తాకితే వాళ్ల మాట నాకు తెలుస్తుంది. పేరు మరిచిపోకముందే ఎవరిది వాళ్ల దగ్గర అడిగి పెట్టుకున్నాను. ముప్పై పేర్లు. మీ అక్కది అడగనక్కర్లేదు, దానికింకా గుర్తుంది. పొద్దు వాలేదాకా గుర్తుంటుంది."

"ఎక్కడుంది?"

"నీకు తెలియాలి కదరా."

అంకన్న వరసంతా చూశాడు. ఏడో పొయ్యి పక్కన చెవుల గిన్నె ఒకటి. దాని ఎడమ చెవి కింద తెగి, రెండు పాయలుగా ఉంది. చిన్నప్పుడు బరువు కమ్మ లాగి పైడక్క ఎడమ చెవి తమ్మె అలాగే తెగింది. ఆ కమ్మ లాగింది తనే, నాలుగేళ్లప్పుడు, చంకనెక్కి.

అతను ఆ గిన్నెను ఒళ్లోకి తీసుకున్నాడు. అది ఇంకా వెచ్చగా ఉంది, ఉదయం అందులో ఏదో కాచారు. ఏడవడానికి వేళ లేదు. తోమాడు. కళాయి పోయిన చోట పసుపురంగు ఇత్తడి బయటపడగానే, బావి అడుగు నుంచి వచ్చినట్టు సన్నని గొంతు: "ఆకలేసిందిరా తమ్ముడూ. నాన్నను తిట్టకు."

తిరగలి ఆగింది.

కత్తిపీట జరజరమని వచ్చి అంకన్న మోకాలి దగ్గర నాలుక ఎత్తింది. "ఎవరితోరా మాటలు?"

"పాట పాడుకుంటున్నా."

"ఏడుపులా ఉంది."

"నా గొంతే అంత."

కత్తిపీట కాసేపు అతని పిక్క వాసన చూసి వెనక్కి పోయింది. తిరగలి మళ్లీ మొదలైంది.

"ఇప్పుడు పని విను" అంది గరిటె. "మీ నాన్న జన్మలో చేయని పని నువ్వు చేయాలి. దొంగ కళాయి వెయ్యి. పైకి మెరవాలి, మొదటి ఎసరుకే ఊడాలి. చేతనవుతుందా?"

చేతనవుతుంది. అలా వేయకూడదని తండ్రి పదిసార్లు చెప్పాడు గనక, ఎలా వేస్తారో బాగా తెలుసు. సరైన కళాయికి నవాసాగరం పాత్రలో వేయాలి. తెల్లపొగ లేచి తగరం ఇత్తడిని పట్టుకుంటుంది. అంకన్న దాన్ని పాత్రలో వేయలేదు, కొలిమి బొగ్గుల మీద చల్లాడు. అదే ఘాటు, అదే తెల్లపొగ. దూరం నుంచి చూసే కత్తిపీటకు తేడా తెలియదు. పాత్రలో మాత్రం చిటికెడు బూడిద రాసి, తగరం కరిగించి, దూదితో అద్దంలా రుద్దాడు. మొదటి గుండిగ తళతళలాడింది. దాన్ని చూస్తే అతనికి సిగ్గేసింది, తండ్రి సంచి ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

"ఇప్పుడు పేర్లు" అంది గరిటె.

పాత్రల మీద పేర్లు కొట్టే సన్నని ఉలి ఆ సంచిలోనే ఉంది. ఊళ్లో ఆడవాళ్లు బిందె పోకుండా పేరు కొట్టించుకుంటారు. అంకన్న ఒక్కో పాత్రను బోర్లించి, అడుగున మసి తుడిచి, చుక్కచుక్కగా పేరు కొట్టి, మళ్లీ మసి అద్దాడు. కత్తిపీట అడిగితే సొట్టలు తీస్తున్నానన్నాడు.

"గుండిగ, సేనాపతి ఉగ్రబాహుడు. ఆ కూజా, వీణ వాయించే మధురిక. మరచెంబు, గొర్రెలు కాసే లచ్చుమయ్య. అదిగో ఆ చిన్న ఉప్పుగిన్నె, రత్నద్వీపం యువరాజు ప్రతాపచంద్రుడు. మమ్మల్నందర్నీ విడిపించడానికే వచ్చాడు పాపం. కత్తి తెచ్చుకున్నాడు గానీ సద్దిమూట తెచ్చుకోలేదు."

పేరు పడిన ప్రతి పాత్రా చేతిలో ఒకసారి వణికి ఊరుకుంటోంది. ముప్పై అయ్యేసరికి పొద్దు బురుజు భుజం మీదికి వచ్చింది.

"మరి అక్కను బయటికి ఎలా తేవడం?" అన్నాడు అంకన్న.

"చిల్లుపడ్డ గిన్నె ఎవరిది?"

అంకన్న ఉలి అందుకున్నాడు. చిల్లుపడ్డ గిన్నె కళాయివాడి సొత్తు. ఏ ఊళ్లో అయినా అంతే.

"అడుగున, పక్కగా కొట్టు. ప్రాణానికి భయం లేదు. కుంటుతుంది."

అంకన్న గిన్నె చెవి దగ్గర నోరు పెట్టి, "అక్కా, కొడుతున్నా" అన్నాడు. "కొట్టు" అంది అక్క. ఉలి దిగింది. గిన్నె అరవలేదు. పక్క గుండిగ, ఆ రోషం గల సేనాపతి, తనంతట తానే గణగణ మోగి ఆ చప్పుడు కప్పేశాడు.

"బయటికి పోయేవాడికి లోటాతో నీళ్లు పోస్తారు" అంది గరిటె. "తాగాక ఇక్కడిదేమీ గుర్తుండదు. మీ నాన్నకు అలాగే పోయింది. అందుకని ఆ గిన్నె అడుగున నీకోసం రెండు ముక్కలు కొట్టుకో."

అంకన్న కొట్టాడు. ఆ తర్వాత గరిటెను కొంకి నుంచి దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీ పేరు చెప్పు."

"నాకెందుకురా?"

"చెప్పవమ్మా."

గరిటె అతనికి మాత్రమే వినబడేలా చెప్పింది. "మాచమ్మ. ఏటిగట్టు మాచమ్మ. వంటకని పిలిచాడు వీడు. తినొద్దని నాకూ అనిపించింది. కానీ ఉప్పు చూడకుండా ఎలా వడ్డిస్తాను చెప్పు? నాలుక కొసకు ఒక్క చుక్క అంటింది, అంతే."

అంకన్న ఉలి ఆనించి కొట్టాడు. ఇనుము మీద గీత కూడా పడలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. ఉలి కొస విరిగి ఎగిరి బూడిదలో పడింది, ఇక అక్క గిన్నె మీద కొట్టుకోవడానికీ లేదు. ఇత్తడి కోసం చేసిన ఉలి అది. ఇనుము కళాయినీ పట్టుకోదు, పేరునూ పట్టుకోదు.

"నోటితో గుర్తుపెట్టుకుంటాను" అన్నాడు.

"నీళ్లు తాగాక కూడానా?" అని మాచమ్మ మెల్లగా నవ్వింది. "పోనీలేరా. నన్ను కొంకికి తగిలించు, వస్తున్నాడు."

జఠరకేతుడు ఒక్కో పాత్రలో తన ముఖం చూసుకుంటూ వచ్చాడు. ముప్పైలోనూ ముఖం మెరిసింది. ముప్పై ఒకటో దానిలో నీళ్లు పోశాడు. బొట్టుబొట్టుగా అడుగు నుంచి కారి ఆయన పాదం మీద పడ్డాయి. "వెచ్చగా ఉన్నాయే" అన్నాడు.

"కొలిమి పక్కనుంది దొరా. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచారు. పులుపు తినేసింది."

మాంత్రికుడి కళ్లు అతని ముఖం మీద చాలాసేపు నిలిచాయి. "చిల్లుగిన్నె ఇంట్లో ఉంచకూడదు. తీసుకుపో. ఇక కూర్చో, తిందువుగాని."

పళ్లెం ముందుకు జరిగింది. అంకన్న వంగి కొలిమి మీది నివురు ఊదాడు. కింద నిప్పు ఎర్రగా కన్ను తెరిచింది.

"ఇంకా ఆరలేదు దొరా. అది ఆరేసరికి పొద్దు వాలిపోతుంది. పొద్దు వాలేదాకా ఉంటే మీ రోకళ్లు ఊరుకోవు. మీ ఆజ్ఞే కదా."

జఠరకేతుడికి తన మాటే అడ్డుపడింది. "గట్టివాడివే" అన్నాడు మీగడ లేని గొంతుతో. "దాహమైనా తీర్చుకో. నీళ్లకు ఆచారం లేదుగా."

రాగి లోటా ఒకటి గాల్లోకి లేచి అంకన్న పళ్ల మధ్యకు దూరింది. మాచమ్మ, మాచమ్మ, మాచమ్మ అనుకుంటూనే ఉన్నాడు. చల్లని గుక్క గొంతు దిగింది. ఇంతకీ తను దేన్ని అంత గట్టిగా పట్టుకున్నాడు?

కోట బయట గట్టు మీద కళాయివాడొకడు చిల్లుగిన్నె పట్టుకుని కుంటుతూ పోతున్నాడు. తను కుంటివాణ్ణనే అతను అనుకుంటున్నాడు. పని అయిందని మాత్రం గుర్తుంది, ఏ పనో లేదు.

లోపల ఏం జరిగిందో అతను చూడలేదు. రాత్రి విందుకు ఎసరు కాగింది, కళాయి పెచ్చులుగా లేచింది. అడుగున కొట్టిన పేరు ముప్పై నోళ్లలోంచి ఒక్కసారే బయటికి వచ్చింది. "ఉగ్రబాహుణ్ణి నేను." "మధురికను." "లచ్చుమయ్యనయ్యా, లచ్చుమయ్యను." కోట గోడలు అదిరాయి. జఠరకేతుడు అందరి వంకా చూడలేదు, నేరుగా కొంకి వంక చూశాడు. ఆ పేర్లన్నీ తెలిసింది ఒక్కరికే. గరిటె కాడ పట్టుకుని ఏడో పొయ్యి నోట్లోకి విసిరేశాడు. "రోకళ్లారా, ఆ కళాయివాణ్ణి పట్టండి" అని అరిచాడు.

గట్టు మీద దడదడమని చప్పుడు. అంకన్న వెనక్కి తిరిగి చూస్తే మనిషెత్తు రోకళ్లు రెండు నేలను కుళ్లబొడుస్తూ వస్తున్నాయి. కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి తూలిపడ్డాడు. గిన్నె బోర్లా పడింది. అడుగున మసి రాలి, చుక్కల అక్షరాలు కనబడ్డాయి. ఆ చేతిరాత తనదే.

"ఇది అక్క. పేరు పైడక్క. మూడుసార్లు పిలువు. నీ కాలు కుంటిది కాదు."

అతనికి ఏమీ అర్థం కాలేదు. కానీ తన చెయ్యి అబద్ధం రాయదని తెలుసు. లేచి, రెండు కాళ్లతోనూ పరుగెత్తాడు. బురుజు మీద పొద్దు సన్నని గీతలా మిగిలింది. "పైడక్కా" అన్నాడు. గిన్నె వేడెక్కింది. "పైడక్కా." గిన్నె బరువెక్కి చేతులు జారబోయింది. ఇంకొక్కసారి నోరు తెరిచాడు, అప్పటికే రోకటి నీడ అతని తల మీద పడింది.

మూడో పిలుపు ముందో రోకటి దెబ్బ ముందో, అతన్ని అక్కడే వదిలి, చదివేవారిని ఒక్క మాట అడగాలి. ఆ ముప్పై మందికీ తమ పేర్లే తెలుసు, పొయ్యిలో పడ్డ గరిటెది తెలియదు. పైడక్క కళాయి నోటితో ఏడాది గడిపింది, గరిటె పేరు అడగలేకపోయింది. అంకన్న విన్నాడు, మరిచిపోయాడు. ఇక మిగిలింది మీరే. ఇనుము ఒక పూట మంటకు కరగదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఆ పొయ్యి నుంచి ఎర్రగా కాలిన గరిటె ఒకటి తీసి, గడప దాటించి, దీని పేరేమిటని అడుగుతారు. అప్పటిదాకా జ్ఞాపకం ఉంచండి: ఏటిగట్టు మాచమ్మ. ఉప్పు చూడకుండా వడ్డించడం చేతకాని మాచమ్మ.